ఉగాదికి ఇల్లు అమ్మాలంటే ముందు గోడలు ఆరాలి

ప్రశ్న: కర్నూలు పాతబస్తీ అంచున మాకు మూడు సెంట్లలో ఇల్లుంది. నాన్న 1991లో స్థలం కొని 1994లో కట్టించారు. ఆయన పోయి రెండేళ్లయింది, వీలునామా రాయలేదు. అమ్మ నా దగ్గర బెంగళూరులో ఉంటోంది, చెల్లెలు దుబాయ్‌లో. అప్పటినుంచి ఇంటికి బీగం వేసే ఉంది. ఉగాది తర్వాత అమ్మేద్దామనుకుంటున్నాం. గోడల కింది భాగం పెచ్చులూడుతోంది, వెనక గదిలో మిద్దె కారిన మరకలున్నాయి, నేలంతా పాత బేతంచెర్ల బండలు. ఒక బ్రోకరు ఆరేడు లక్షలు పెట్టి టైల్స్, ఫాల్స్ సీలింగు, మాడ్యులర్ కిచెన్ చేయించమంటున్నాడు. ఇంకో ఆయన ఉన్నదున్నట్టు అమ్మేయమంటున్నాడు. వాకిట్లో వేపచెట్టు వాస్తుకు అడ్డమట, కొట్టేయమంటున్నారు. జనవరి ఆఖరులో వారం సెలవు పెట్టి వస్తున్నా. ఏ పనులు చేయించాలి?
— ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం: ఇద్దరి మాటా పూర్తిగా వినకండి. ఉన్నదున్నట్టు అమ్మితే పెచ్చులూడిన గోడను చూపించి, రిపేరుకయ్యే ఖర్చుకంటే చాలా ఎక్కువే ధరలో కోస్తారు. అలాగని ముప్పై ఏళ్ల ఇంటికి లక్షలు పెట్టి సోకులు చేయిస్తే ఆ డబ్బు వెనక్కి రాదు. మూడు సెంట్లంటే 145 గజాలు. ఆ వయసున్న ఇంట్లో కొనేవాళ్లు ముందు స్థలానికి ధర కడతారు, తర్వాతే కట్టడం సంగతి. వంటగదిని ఎలాగూ వాళ్లకు నచ్చినట్టు మార్చుకుంటారు. ఇక కారిన మిద్దె కింద ఫాల్స్ సీలింగు వేస్తే దాని పైన ఏముందోనన్న అనుమానం తప్పదు. చెమ్మ గోడకు పీవీసీ పలకలు కొట్టించడం అంతకన్నా అన్యాయం. వాటి వెనక చెమ్మ ముక్కిపోయి, తలుపు తీయగానే వాసన కొడుతుంది. కొనడానికి వచ్చినవాళ్లు దేనికి భయపడతారో ఆ నాలుగింటి మీదే ఖర్చు పెట్టండి: చెమ్మ, మిద్దె, బోరు, కాగితాలు.

ముందు తేదీల లెక్క చూడండి. సంక్రాంతి దాటాక కదిలే బేరాలు ఆషాఢం వస్తే చల్లబడతాయి. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. గృహప్రవేశాలు వైశాఖ, జ్యేష్ఠాల్లో చేసుకుంటారు. అందుకని చాలామంది మే నెలకల్లా రిజిస్ట్రేషన్ అయిపోవాలని చూస్తారు. బ్యాంకు లోనుకు నెలా నెలన్నర తీసేస్తే బయానా మార్చి ఆఖరుకో ఏప్రిల్ మొదట్లోనో పడాలి. అంటే ఉగాది వారానికి ఇల్లు చూపించడానికి సిద్ధంగా ఉండాలి. రంగులకు రెండు వారాలు పడతాయి. దానికి ముందు కొత్త గార ఆరడానికి కనీసం నెల కావాలి. కాబట్టి మీ వారం సెలవులో పెయింటర్‌ను పిలవకండి, బేల్దారిని పిలవండి.

గోడల విషయం కాస్త వివరంగా చెప్పాలి, అందరూ తప్పు చేసేది ఇక్కడే. పెచ్చులు కింది నుంచి రెండు మూడడుగుల ఎత్తు వరకు, ఎగుడుదిగుడు గీతలా, తెల్లటి ఉప్పుపొడితో ఉంటే అది నేలలోంచి ఎక్కే చెమ్మ. పునాది మీద చెమ్మను ఆపే పొర వేయకపోయినా, ముందు రోడ్డు ఏటేటా ఎత్తు పెరిగి ఆ పొర నేలమట్టం కిందికి పోయినా నీళ్లు ఇటుకల గుండా పైకెక్కుతాయి. నీళ్లు ఆవిరైపోతాయి, వాటితో వచ్చిన ఉప్పు గార వెనక గడ్డకట్టి పెచ్చును నెట్టేస్తుంది. అలా కాకుండా మరక ఒక్కచోటే గుండ్రంగా ఉండి, గోడకు అవతల స్నానాలగది ఉంటే అది పైపు లీకు. ముందు ప్లంబర్ పని పూర్తి చేయించండి. తేల్చుకోలేకపోతే అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు అతికించి రెండు రోజులు ఉంచండి. కాగితం లోపలివైపు నీటి చుక్కలు కడితే చెమ్మ గోడలోంచే వస్తున్నట్టు.

పుట్టీ రుద్ది రంగేస్తే సరిపోతుందని పెయింటర్ చెబుతాడు. అది కొన్ని వారాలు నిలబడుతుంది, సరిగ్గా రెండోసారి చూడటానికి వచ్చినప్పుడు ఊడుతుంది. చెమ్మ గీతకు అడుగు పైదాకా పాత గారను ఇటుక కనపడేలా కొట్టించేయండి. ఇటుకల మీది ఉప్పును పొడి బ్రష్‌తో దులిపించి, ఆ పొడిని చేటకెత్తి బయట పారేయించండి. కడగనివ్వొద్దు. నీళ్లు తగిలితే ఉప్పు కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది. కిటికీలు తెరిచి నాలుగైదు రోజులు గాలి ఆడనివ్వండి. తర్వాత ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు జల్లించిన ఇసుక కలిపి, 50 కిలోల బస్తాకు 200 మిల్లీలీటర్ల వాటర్‌ప్రూఫ్ ద్రావణం చేర్చి, అర అంగుళం మందాన గార పూయించాలి. ఆ సిమెంటు కలపడానికీ, వారం రోజులు తడపడానికీ కొళాయి నీళ్లే వాడాలి. ఉప్పు బోరు నీళ్లు వాడితే మీరు దులిపిన ఉప్పును మీ చేతులతోనే మళ్లీ గోడలో పెట్టినట్టవుతుంది.

ఇంత చేసినా ఇది శాశ్వత వైద్యం కాదు. అది కావాలంటే పునాది గీతకు కాస్త పైన వరసగా రంధ్రాలు వేసి సిలేన్ మందు (నీళ్లను పైకెక్కనివ్వని రసాయనం) ఎక్కించాలి. అమ్మే ఇంటికి అంత అక్కర్లేదు. కొనేవాళ్లకు చేయించిన పని చెప్పి, పనికి ముందూ తర్వాతా ఫోనులో తీసిన ఫోటోలు చూపించండి, దాచకండి.

మిద్దె పనికి ఎండలున్న ఫిబ్రవరి మంచి అదను. నీళ్లు కారేది సాధారణంగా స్లాబు మధ్యలో కాదు. పిట్టగోడ స్లాబును కలిసే మూల, వాననీటి గొట్టం నోరు, ట్యాంకు దిమ్మె చుట్టూ చూడండి. పగుళ్లను ఆంగ్ల వి అక్షరంలా కోయించి, పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపించండి. పిట్టగోడ వెంబడి మూడంగుళాల మేర మూలను వాలుగా, గుండ్రంగా పూయించాలి. తర్వాత వాటర్‌ప్రూఫ్ పూత రెండుసార్లు వేయించండి: మొదటిది తూర్పు పడమరలుగా, అది ఆరాక రెండోది ఉత్తర దక్షిణాలుగా. మూలల్లో మొదటి పూత తడిగా ఉండగానే ఫైబర్ వలను అద్దాలి. పూత పూర్తిగా గట్టిపడ్డాక గొట్టాల నోళ్లు మూసి, మిద్దె మీద రెండంగుళాల నీళ్లు నిలిపి రెండు రోజులు ఉంచండి. కింద మరక తడవకపోతే పని సరైనట్టు. ఆ నీళ్లు నిలిచి ఉన్నప్పుడు కూడా ఫోటో తీసి పెట్టుకోండి, బేరంలో పనికొస్తుంది. పైన తెల్లటి కూల్‌రూఫ్ రంగు ఒక పూత వేయిస్తే ఏప్రిల్ మధ్యాహ్నం గదిలో తేడా తెలుస్తుంది.

వెనక గది కప్పును కింది నుంచి సుత్తి పిడితో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే లోపల కమ్మి తుప్పుపట్టి ఉబ్బుతోందన్నమాట. అక్కడ రంగుతో పని కాదు. వదులైన కాంక్రీటు రాల్చి, కమ్మిని ఇనుప బ్రష్‌తో రుద్ది, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ మోర్టారుతో పూడ్చాలి. శబ్దం గట్టిగా ఉంటే మరక ఒక్కటే సమస్య. దాని మీద నేరుగా ఎమల్షన్ వేస్తే రెండు రోజుల్లో పచ్చగా పైకి తేలుతుంది, నీళ్ల రంగు మరకను తనలోకి లాక్కుంటుంది కాబట్టి. ముందు ఆయిల్ ప్రైమరు ఒక పూత వేయించాలి.

రంగుల గురించి రెండే మాటలు. గోడను అరచేత్తో గట్టిగా రుద్దండి. చేతికి తెల్లపొడి అంటితే అది పాత సున్నం, డిస్టెంపర్. అది గీకకుండా వేసిన ఎమల్షన్ పొరలు పొరలుగా లేస్తుంది. లెక్కకు, 10 అడుగులకు 12 అడుగుల గది, ఎత్తు 10 అడుగులైతే నాలుగు గోడలూ కలిపి 440 చదరపుటడుగులు. తలుపులు, కిటికీలు తీసేసి 380 అనుకోండి. డబ్బా మీద రాసిన విస్తీర్ణం నున్నటి కొత్త గోడకు చెప్పేది. పాత గోడకు కొంత ఎక్కువే పడుతుంది. అన్ని గదులకూ ఒకే లేత రంగు చాలు.

బేతంచెర్ల బండల జోలికి టైల్స్‌వాణ్ణి రానివ్వకండి. ఎండాకాలంలో చల్లగా ఉండే ఆ నేలే ఈ ఇంటికున్న ఒక మంచి గుణం. వాటి మీద యాసిడ్ పోసి కడిగితే మెరుస్తాయని ఎవరైనా అంటే వాళ్లను పంపించేయండి. అది సున్నపురాయి. యాసిడ్ తగిలితే బుసబుసమని పొంగి పైపొర తినేస్తుంది, ఆ తెల్లమచ్చలు పాలిష్ పట్టించేదాకా పోవు. కడప నల్ల బండకూ ఇదే మాట. ముందు కదిలే బండలను తట్టి గుర్తుపట్టి మళ్లీ కూర్చించండి. సందులను బండ రంగు కలిపిన సిమెంటుతో నింపించి, రాతి పాలిష్ మిషనుతో ముతక రాయి నుంచి సన్నరాయి దాకా వరసగా పట్టించండి. ఇది రంగుల కంటే ముందు జరగాలి. పాలిష్ బురద గోడల మీద అడుగెత్తున చిమ్ముతుంది.

రెండేళ్లు బీగం వేసిన ఇంట్లో ఇంకో సంగతి ఉంటుంది. స్నానాలగదిలో, సింకు కింద, నేల జాలీల్లో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి మురుగు వాసనను అడ్డుకుంటాయి. ఎవరూ వాడకపోతే ఆ నీళ్లు ఇంకిపోయి వాసన, బొద్దింకలు రెండూ ఇంట్లోకి వస్తాయి. చాలామంది డ్రైనేజీ చెడిందనుకుని తవ్వించబోతారు. ఒక్కో జాలీలో చెంబెడు నీళ్లు పోసి, పైన రెండు చెంచాల కొబ్బరినూనె వేస్తే నీళ్లు త్వరగా ఆవిరి కావు. పక్కింటివాళ్లకు చెప్పి వారానికోసారి పోయించండి. అగరొత్తులు, కలరా ఉండలు మాత్రం పెట్టకండి, ఏదో కప్పిపుచ్చుతున్నారని అర్థమైపోతుంది.

బోరు ఉంటే మీరే ముందుగా పరీక్ష చేసుకోండి. ఇన్నాళ్లు తిరగని మోటారు స్విచ్ వేయగానే మూలుగుతూ నిలబడిపోతే వెంటనే ఆపేయాలి. అలాగే ఉంచితే వైండింగ్ కాలిపోతుంది. చాలావరకు కెపాసిటర్ పోయుంటుంది, లేదా మోటారు పట్టేసి ఉంటుంది. తిరిగితే మొదటి పావుగంట నీళ్లు కాలువలోకి వదిలేసి, తర్వాత వెయ్యి లీటర్ల ట్యాంకు ఎన్ని నిమిషాల్లో నిండుతుందో చూడండి. ఇరవై నిమిషాలైతే గంటకు మూడు వేల లీటర్లు. మార్చి ఆఖరులో మరోసారి కొలవండి. జనవరి లెక్క చెబితే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. కర్నూలుకు సుంకేసుల నీళ్లు వస్తాయి కాబట్టి మునిసిపల్ కొళాయి కనెక్షన్ రసీదు కూడా చేతిలో ఉండాలి. బోరు ఎంత మంచిదైనా కొళాయి సంగతి కూడా అడుగుతారు.

కరెంటు కనెక్షన్ తెగిపోకుండా చూసుకోండి. చీకటి ఇల్లు ఎవరూ కొనరు. పాత పింగాణీ ఫ్యూజు బోర్డు ఉంటే ఎంసీబీలు (లోడు ఎక్కువైతే వాటంతటవే పడిపోయే స్విచ్‌లు), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ కొట్టకుండా కరెంటు ఆపేది) పెట్టించడం పెద్ద ఖర్చు కాదు. ఎర్తింగ్ గుంతలో రెండు బిందెల నీళ్లు పోయించండి, ఎండిన గుంత సరిగ్గా పని చేయదు. వాకిలి చట్రాల అడుగున చెదలు ఉంటే గోడ నేలను కలిసే చోట అడుగుకొకటి 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి మందు ఎక్కిస్తారు. ఈ పని పాలిష్‌కు ముందే కావాలి.

పాతబస్తీ అంచున అన్నారు కాబట్టి 2009 అక్టోబరు వరద గురించి మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారి పొంగిన ఆ రోజులు కర్నూలు మర్చిపోలేదు. మీ ఇంట్లోకి నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో అమ్మగారిని అడిగి తెలుసుకోండి, అడిగిన ప్రతివాళ్లకూ అదే చెప్పండి. రాలేదని మీరు చెప్పినా, వచ్చిందని చెప్పేవాళ్లు వీధి చివర టీ కొట్టు దగ్గరే ఉంటారు. అక్కడ మాట తప్పితే మిగతా ఏదీ నమ్మరు. ఆ వరదలో చాలా ఇళ్లలో దస్తావేజులు తడిసిపోయాయి. మీవీ పాడై ఉంటే రిజిస్ట్రారు ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోండి.

కాగితాలకు ఫిబ్రవరి అంతా పడుతుంది కాబట్టి బేల్దారి పని జరుగుతుండగానే మొదలుపెట్టండి. 1991 దస్తావేజు, దాని వెనక లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు యజమానుల దస్తావేజులు), 1994 ప్లాను, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్టులు చూపే పత్రం), ఇంటి పన్ను, కొళాయి రసీదులు ఒక ఫైలులో ఉంచండి. ఈసీలో నాన్నగారు ఎప్పుడో తీసుకున్న బ్యాంకు తాకట్టు కనిపించి, లోను తీరినా విడుదల పత్రం రిజిస్టర్ కాకపోయి ఉంటే కొనేవాళ్ల బ్యాంకు అక్కడే ఆగిపోతుంది. అలాగే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో మీ సర్వే నంబరు ఉందేమో కూడా చూసుకోండి. దస్తావేజులోని చెక్కుబందిని (నాలుగు వైపుల హద్దులను) టేపు పట్టి నేల మీద కొలిపించండి. హద్దుల్లో రాసిన పాత పేర్ల ఇళ్లు ఇప్పుడెవరివో పక్కనే రాసి పెట్టుకోండి. ప్లానులో లేని గది ఏదైనా తర్వాత కట్టి ఉంటే బ్యాంకు వాల్యూయర్ దాన్ని లెక్కలోకి తీసుకోకపోవచ్చు. ధర మాట్లాడేటప్పుడే చెప్పేయండి.

వీలునామా లేదు కాబట్టి నాన్నగారి స్వార్జితంలో అమ్మగారికీ, మీకూ, చెల్లెలికీ సమాన వాటా. నాన్నగారు పోయిన రోజుకు ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకూ అంతే వాటా ఉంటుంది. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు, బ్యాంకు లాయరు మర్చిపోడు. తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. అమ్మకం దస్తావేజు మీద అందరూ సంతకం చేయడం తేలిక దారి. చెల్లెలు రాలేకపోతే దుబాయ్ భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన జీపీఏ (తన తరఫున సంతకం చేసే అధికారం ఇచ్చే పత్రం) పంపాలి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలి.

చెల్లెలి పన్ను విషయం ముందే చూడకపోతే మే నెలలో తలనొప్పి అవుతుంది. ఇక్కడ ఉండేవాళ్లు అమ్మితే, ధర 50 లక్షలు గానీ పైన గానీ ఉంటే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ (ముందుగానే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకుంటారు. పన్ను లెక్కల్లో ఆమె ప్రవాసి అయితే ఆ 50 లక్షల హద్దు ఆమెకు వర్తించదు. ఆమె వాటా మీద కోత చాలా ఎక్కువ, తరచూ లాభం మీద కాక మొత్తం వాటా మీదే కోస్తారు. తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. దానికి వారాలు పడుతుంది కాబట్టి ఆడిటరును ఫిబ్రవరిలోనే కలవండి. మీకూ అమ్మగారికీ మరో వెసులుబాటు ఉంది. 2024 జూలై 23కు ముందున్న ఆస్తి కాబట్టి 12.5 శాతం గానీ, ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతం గానీ, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. స్థలం 2001కి ముందుది కాబట్టి అసలు ఖరీదుకు బదులు 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు. రంగులు, రిపేర్లకు పెట్టింది మాత్రం లాభంలోంచి తగ్గదు. టైల్స్ వద్దనడానికి కాకపోయినా, ఖర్చు అదుపులో పెట్టడానికి ఇదొక కారణం.

బయానా నగదుగా 20 వేలు గానీ అంతకు మించి గానీ తీసుకోకండి. ఇంటి అమ్మకంలో అలా తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు. ఈ మూడు నెలల కోసం ఎవరికీ అద్దెకివ్వకండి, ఖాళీ చేయించడం దగ్గరే బేరం ఆగుతుంది. తాళంచెవి ఒక్క మనిషి దగ్గరే ఉండనివ్వండి, ధర కూడా అందరికీ ఒకటే చెప్పండి. ఇల్లు చూపించడానికి ఉదయం ఏడు నుంచి తొమ్మిది బాగుంటుంది. గంట ముందే వెళ్లి కిటికీలు తెరిపించండి. నిజంగా కొనదలిచినవాళ్లు మధ్యాహ్నం మూడింటికి మళ్లీ వస్తామంటారు. సరేననండి, కూల్‌రూఫ్ వేయించింది అందుకే.

వేపచెట్టు కొట్టకండి. అది నీడనిచ్చే వాకిట్లోనే జనం ఆగి బేరమాడతారు. వాస్తు పట్టింపు కొనేవాళ్లకుంటే ఆ నిర్ణయం వాళ్లే తీసుకుంటారు. పైగా చెట్టు కొట్టడానికి 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి అడగాలి. కరెంటు తీగలకు తగిలే కొమ్మలుంటే విద్యుత్ సిబ్బందికి చెప్పి కొట్టించండి, మిద్దె మీదికి వాలినవి మీరు తీయించండి. ఆకులు వాననీటి గొట్టం నోట్లో చేరి అక్కడే నీళ్లు నిలుస్తాయి, వెనక గది మరకకు అదే కారణమేమో కూడా చూడండి.